దించని పాట

దశరథం చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చాడు. కుర్చీ చూపించేదాకా కూర్చోలేదు. చేతిలోని మిఠాయి డబ్బాను కీబోర్డు మీద పెట్టబోయి, తప్పనుకొని, పక్కనున్న స్టూలు మీద పెట్టాడు.

తలుపు తీయగానే పరమేశ్వర్ అతన్ని గుర్తుపట్టాడు. అతను పరమేశ్వర్‌ను గుర్తుపట్టలేదు.

"బోధన్ నుంచి వస్తున్న సార్. దశరథం అంటరు. రైస్ మిల్లు ఉన్నది మాకు. మీ పేరు ఇనుడే గాని చూసుడు గిదే మొదటిసారి."

"మొదటిసారా?"

"మొదటిసారే సార్. మీరు గింత సన్నగుంటరనుకోలే. ఆ పాట ఇంటే మనిషి ఇంత ఒడ్డు పొడుగు ఉంటడనుకున్న." చేతులు చాపి చూపించి, తనే నవ్వాడు.

గోడ మీద పరమేశ్వర్ భార్య గంగామణి ఫోటో ఉంది. దశరథం కళ్లు దాని మీద ఒక్క క్షణం ఆగి, మర్యాదగా దాటిపోయాయి.

"మా చిన్నోని పెండ్లి సార్. ప్రశాంత్. పిల్ల మీ నిజామాబాద్ పిల్లనే. అమ్మానాయిన ఇద్దరు లెక్చరర్లు. డీజే పెడితే మేము గేటు కాడికే రామని చెప్పిండ్రు. పోలీసోళ్లు సుత ఇప్పుడు ఊకుంటలేరు. సరే, పాత తీరు బ్యాండే పెడుదామన్న. కాని పాట మాత్రం ఎవ్వని పెండ్లిల మోగనిది ఉండాలె. మీరే యాదికొచ్చిండ్రు. మా పెద్దోని బారాత్‌ల మీ పాటనే గద! వర్ని రోడ్డు మీద మూడుసార్లు ఏయించిన. అయిపోంగనే పోరలు మళ్ల అంటరు, అయిపోంగనే మళ్ల అంటరు. నేను సుత దుంకిన సార్. నా మోకాళ్లు చూస్తే మీరు నమ్మరు."

పరమేశ్వర్ నమ్మాడు. అతను చూశాడు.

రెండేళ్ల కిందట ఆ రోజు మోస్రా నుంచి ఆటోలో దవాఖానకు వస్తున్నారు. గంగామణి ఛాతీ పట్టుకొని అతని భుజానికి ఆనుకొని ఉంది. వర్ని రోడ్డు కల్వర్టు మీద డీజే బండి అడ్డంగా నిలబడి ఉంది. అందులో మోగుతున్నది పరమేశ్వర్ కట్టిన పెళ్లిపాట. అతను దిగి, ఎగురుతున్న జనంలోకి దూరి, గులాబీ తలపాగా పెద్దమనిషి ముందు చేతులు జోడించాడు. ఏం చెప్పాడో ఆ మనిషికి వినపడలేదు. అతను పరమేశ్వర్ భుజం మీద చెయ్యి వేసి చెవిలో అరిచాడు. "గీ ఒక్క పాట అయిపోని అన్నా!" పాట అయిపోయింది. మళ్లీ మొదలైంది. బండి పక్కకు జరిగేసరికి గంగామణి చెయ్యి చల్లబడింది.

ఆ తర్వాత పరమేశ్వర్‌కు ఒక్క పాటా రాలేదు. కీబోర్డు ముందు కూర్చుంటే ఏ వరుసైనా నాలుగు స్వరాలు నడిచి, ఐదో స్వరానికి ఆ పాటలోకే తిరిగేది. హైదరాబాద్ నుంచి ఆల్బమ్‌లవాళ్లు ఫోన్లు చేసి చేసి మానేశారు. సంగీతం నేర్చుకునే పిల్లలను కూడా అతనే పంపించేశాడు.

"చేస్త" అన్నాడు.

"సంతోషం సార్. ఒక్క మాట. మా అవ్వకు పట్టింపు ఎక్కువ. మేళం నడిమిట్ల ఆగొద్దంటది. హాలు గేటు కాడ పాట దించినంకనే హారతి. గప్పుడే పిలగాడు కారు దిగాలె. పాట తెగితే సంసారం తెగుతదని ఆమె నమ్మకం. పెద్దోనప్పుడు సుత గంతే, బారాత్ ఎక్కడ ఆగినా పాట అయిపోనిదే కదలనియ్యలే. గందుకే జెర మంచిగ దించేటట్టు చేయుండ్రి."

పరమేశ్వర్ అప్పుడు అతని ముఖంలోకి నిండుగా చూశాడు. చెంపల మీద చిన్న చిన్న మచ్చలు. నుదుటి మీద ఎండిన కుంకుమ. చెడ్డ ముఖం కాదు. అందుకే అతనికి మరింత మండింది.

"ముహూర్తం ఎప్పుడు?"

"పదకొండున్నర. అది దాటితే మళ్ల మంచి గడియ లేదన్నడు అయ్యగారు."

"మంచిగనే దించుతం" అన్నాడు పరమేశ్వర్.

దశరథం వెళ్లాక మిఠాయి డబ్బా తీసుకుపోయి మెట్ల కింద కుక్క ముందు పెట్టాడు. అది తింటున్నంతసేపు అక్కడే నిలబడ్డాడు. పైకి వచ్చి, కీబోర్డు మీది గుడ్డ లాగేశాడు.

ఐదు స్వరాలు వాయించాడు. పైకి ఎక్కే స్వరాలు. ఆరోది కిందికి, పాటకు ఇల్లయిన షడ్జం మీదికి రావాలి. వినేవాడి చెవి దాని కోసం చేయి చాపి ఉంటుంది. అక్కడ ఆపేశాడు. మళ్లీ మొదటి నుంచి ఎక్కాడు. మళ్లీ అక్కడే ఆపాడు.

ఇంటికి చేరని పాట. ఒకడి వంతు అయిపోయే చోట ఇంకొకడి వంతు మొదలవుతుంది. ఎవడూ షడ్జం మీద కాలు పెట్టడు. గేటు ముందు తిరుగుతూ ఉంటుంది. ముసలమ్మ పట్టింపు వల్ల ఎవరూ ఆపలేరు. పెళ్లికొడుకు కారు అద్దంలోంచి చూస్తుండగానే ముహూర్తం దాటిపోతుంది.

కుర్రతనంలో, హైదరాబాద్‌లో రికార్డింగులకు కీబోర్డు వాయించే రోజుల్లో, సికింద్రాబాద్ క్లబ్బుల్లో సాక్సోఫోన్ ఊదిన ముసలాయన ఒకడు అతనికి జాజ్ గురించి చెప్పాడు. పాట అందరిదీ, వంతు మాత్రం ఒక్కడిది. నీ వంతులో నువ్వు ఏమైనా మాట్లాడు, కాని పాట ఎక్కడుందో మరిచిపోకు అనేవాడు. ఇన్నేళ్లు ఆ మాటతో పరమేశ్వర్‌కు పని పడలేదు. ఇప్పుడు పడింది.

చీకటి పడేదాకా వాయించాడు. ఐదో స్వరం దగ్గర ఆ పాత పాట రాలేదు. రాలేదని అతను సంతోషించలేదు. పని జరుగుతోంది, అంతే అనుకున్నాడు.

మొయినుద్దీన్ బ్యాండు దుకాణం బోధన్‌లో, శక్కర్‌నగర్ పోయే దారిలో ఉంది. ముందు గదిలో ఇప్పుడు సమీర్ సెల్‌ఫోన్లు బాగుచేస్తాడు. సమీర్ మొయినుద్దీన్ అన్న కొడుకు, ఇద్దరు పిల్లల తండ్రి. వెనుక గదిలో బ్యాండు సామాను. ఎర్ర కోట్లు మేకులకు వేలాడుతున్నాయి. భుజాల మీది జరీ నల్లబడింది.

నలుగురు వచ్చారు. మొయినుద్దీన్ క్లారినెట్. సమీర్ డోలు. దేవన్న ట్రంపెట్, ఇప్పుడు ఒక బడి దగ్గర వాచ్‌మన్. రెంజల్ నుంచి వచ్చిన భోజన్నది పొట్టకు ఆనించి ఊదే పెద్ద బాకా. చెరుకుకు నీళ్లు కట్టి నేరుగా వచ్చాడు, పాదాలకు బురద ఇంకా ఉంది.

"భోజన్నా, పండ్లు ఎన్ని ఉన్నయ్ రా?" అన్నాడు దేవన్న.

"ఊదుటానికి సాలు. కొరుకుటానికి నీ అసొంటోడు దొరకాలె."

మొయినుద్దీన్ నవ్వలేదు. క్లారినెట్ రీడును, ఆ సన్నటి రెల్లు బద్దను, నాలుక మీద పెట్టుకొని తడుపుతున్నాడు. తీసి, వెలుతురుకు పట్టి చూసి, బ్లేడుతో అంచును గీశాడు. పొట్టు రాలినట్టు కూడా కనపడలేదు. మళ్లీ నోట్లో పెట్టుకున్నాడు. అది తడిసేదాకా మాట్లాడడు. అందరూ ఆగారు.

"చెప్పుండ్రి మాస్టర్ సాబ్" అన్నాడు చివరికి.

పరమేశ్వర్ వరుస పాడి వినిపించాడు. కాగితం అక్కర్లేదు వాళ్లకు. రెండోసారికి భోజన్న కింది స్వరం పట్టుకున్నాడు. మూడోసారికి దేవన్న కలిశాడు.

"దీన్ని జాజ్ అంటరు. బయటి దేశం తీరు" అన్నాడు పరమేశ్వర్. "అందరు కలిసి పాట చెప్తరు. తర్వాత ఒక్కొక్కరు వంతు తీసుకోవాలె. వంతుల మీకు ఏం తోస్తే అది. నేను చెప్పిందే ఊదొద్దు."

"మాకు తోచింది ఊదాల్నా?" దేవన్న ట్రంపెట్ దించాడు. "నలభై ఏండ్ల సంది ఎవ్వడు గా మాట అనలే సార్. ఫలానా పాట కొట్టు అంటరు, కొడుతం."

"అరె, గుర్రం మొరాయించినప్పుడు మనం చేసేది గదే గద!" అన్నాడు మొయినుద్దీన్. "యాది లేదా? గా ఎడపల్లి పెండ్లిల? దుల్హా గుర్రం మీద కూసున్నడు, అది కదలదు. పాటలన్ని ఒడిసినయ్. ఎవనికి తోచింది వాడు ఊదినం. గదే జాజ్."

"గుర్రానికి నచ్చలే గద అది" అన్నాడు భోజన్న. "పండుకుంది."

ఈసారి పరమేశ్వర్ కూడా నవ్వాడు. నవ్వినందుకు వెంటనే కోపం వచ్చింది.

డోలుకు ఒక నడక పెట్టాడు, పాటకు ఇంకొక నడక పెట్టాడు. రెండూ చాలాసేపటికి గాని కలుసుకోవు. కాలు దేనికి వేయాలో తెలియదు. సమీర్ రెండుసార్లు తప్పి, చొక్కా విప్పి బనీనుతో కూర్చొని, మూడోసారి పట్టుకున్నాడు. వంతులు మొదలయ్యాయి. దేవన్న భయం భయంగా నాలుగు ముక్కలు ఊది, ఊపిరి చాలక తూలాడు. ఆ ఊపిరి తెగే చోట మొయినుద్దీన్ అదే స్వరం మీద అందుకున్నాడు. చూపు కూడా అటు తిప్పలేదు.

"మంచిగ అందుకున్నవ్" అన్నాడు పరమేశ్వర్.

"అది మా పని తీరు సార్. నడిచే మేళంల పక్కోని ఊపిరి కింద పడనియ్యం. రోడ్డు మీద గుంతలుంటయ్, బండ్లుంటయ్, దగ్గు వస్తది. ఎవనిది పడ్డా పక్కోడు పట్టుకోవాలె. బయటోళ్లకు ఎరుక కావొద్దు."

పరమేశ్వర్‌కు కావలసింది అదే. ఊపిరి తెగని నలుగురు.

రెండో రోజు మొయినుద్దీన్ మొదటిసారి తన వంతు పూర్తిగా తీసుకున్నాడు. ఐదు స్వరాల దగ్గరే తిరిగాడు. మూడో స్వరాన్ని పట్టుకొని దాన్ని కొద్దిగా కిందికి వంచాడు, ఇంకొంచెం వంచాడు, ఏడుపుకు ఒక్క వెంట్రుక ఇవతల ఆపాడు. పరమేశ్వర్ లేచి ముందు గదిలోకి పోయి, పగిలిన ఫోన్ల అద్దాలు చూస్తూ నిలబడ్డాడు. అతను ఇది అడగలేదు. అతను ఒక తాడు పేనుతున్నాడు. ఈ ముసలివాడు దానికి పూలు కడుతున్నాడు.

మొయినుద్దీన్ బయటికి వచ్చాడు. "బాగ లేదా సార్?"

"బాగుంది."

"మరి దీనికి దించుడు ఏది? ఎక్కుడే ఉంది."

"నేను చెయ్యి ఎత్తితే దించాలె. అప్పటిదాక ఎవ్వరేం చెప్పినా ఆపొద్దు."

మొయినుద్దీన్ మెడలోని రుమాలుతో క్లారినెట్ మూతి తుడుచుకున్నాడు. "శానా దినాలకు పిలుపు సార్ ఇది. డీజేలొచ్చి మమ్ముల అటకెక్కిచ్చినయ్. మా ఇంటామె హమీదా రాత్రే కోట్లకు గుండీలు కుట్టింది. గీ పెండ్లి మంచిగైతే నాలుగు ఇండ్లోళ్లు మళ్ల పిలుస్తరు. పాడైతే మాత్రం, మళ్ల బోధన్‌ల మేళం అనే మాట ఉండది."

"నేను చెయ్యి ఎత్తుత" అన్నాడు పరమేశ్వర్.

మొయినుద్దీన్ తల ఊపి లోపలికి పోయాడు. వాళ్ల సంగతి పరమేశ్వర్ ఆలోచించలేదు. తన సంగతి కల్వర్టు మీద ఎవడు ఆలోచించాడు?

పెళ్లి రోజు ఎండ పొద్దున్నే ఎక్కింది. బోధన్ రోడ్డు మీద ఫంక్షన్ హాలు. పెట్రోల్ బంకు దగ్గర బస్సులు దిగి, అక్కడి నుంచి నడక. పూలు కట్టిన కారులో ప్రశాంత్, బాసింగం కింద చెమట తుడుచుకుంటున్నాడు. పక్కన భీమవ్వ, దశరథం తల్లి, చేతిలో టెంకాయ పట్టుకొని నిటారుగా కూర్చుంది. దశరథం ఈసారి పచ్చ తలపాగా కట్టాడు.

మేళం మొదలైంది.

కుర్రవాళ్లు చేతులు లేపి ముందుకొచ్చారు. ఒక అడుగు వేశారు, రెండో అడుగు ఎక్కడ వేయాలో దొరకలేదు. ఒకడు ఇంకొకడి కాలు తొక్కాడు.

"ఏందిరా గిది? డోలాయన ఒక ఊరికి పోతుండు, బాకాయన ఒక ఊరికి పోతుండు!"

"దుంకరాదురా?"

"నువ్వు దుంకు, నేను చూస్త."

చేతులు దించి, ఫోన్లు తీసి, నడవడం మొదలుపెట్టారు. పరమేశ్వర్ మేళం ముందు వెనక్కి నడుస్తూ చూస్తున్నాడు. మేళం హాలు గేటు ముందుకు చేరి, గుండ్రంగా నిలబడింది. గేటు లోపల ఆడపిల్లవాళ్లు. పెళ్లికూతురి తల్లి చేతిలో హారతి పళ్లెం. కర్పూరం వెలిగించింది.

పాట ఐదు స్వరాలు ఎక్కింది. దిగలేదు. భోజన్న వంతు. చెంపలు ఉబ్బి, కళ్లు మూసుకొని, చెరుకు తోటలో నీళ్లు మడి తిరిగినట్టు మెల్లగా తిరిగాడు. లోపల ఎవరో చప్పట్లు కొట్టారు. దేవన్న వంతు. బడి వాచ్‌మన్ దేవన్న ఇప్పుడు భయపడలేదు. కర్పూరం ఆరిపోయింది. పెళ్లికూతురి తల్లి ఇంకొక బిళ్ల వేసింది. అది కూడా ఆరింది.

అయ్యగారు గేటు దాకా వచ్చి గడియారం చూపించాడు. దశరథం నవ్వుతూ చేయి ఊపాడు, అయిపోతుంది అన్నట్టు. కాసేపటికి ఆ నవ్వు పోయింది. జనాన్ని తోసుకుంటూ పరమేశ్వర్ దగ్గరికి వచ్చి, అరచేతిని కిందికి దించి చూపించాడు. దించండి. పరమేశ్వర్ అటు చూడనట్టు సమీర్ చేతుల వైపు చూశాడు.

దశరథం మొయినుద్దీన్ వైపు తిరిగి, ఆపమని చేయి అడ్డం పెట్టాడు. కారు అద్దం దిగింది.

"దశరథా! నడిమిట్ల ఆపకురా! పాట తెంపకురా కొడుకా!"

భీమవ్వ గొంతు బాకాలను దాటి వినపడింది. దశరథం చేయి వెనక్కి తీసుకున్నాడు. తలపాగా కింద నుంచి చెమట చెంపల మీదికి కారుతోంది. ఒకసారి కారు వైపు, ఒకసారి గేటు వైపు చూశాడు. తర్వాత పరమేశ్వర్ ముందుకు వచ్చి, రెండు చేతులూ జోడించాడు.

రెండేళ్లు దీని కోసమే పరమేశ్వర్ బతికాడు. ఆ చేతులు చూశాడు. ఉంగరాలున్న వేళ్లు ఒకదానికొకటి నొక్కుకొని తెల్లబడ్డాయి. అతను ముందుకు వంగి, దశరథం భుజం మీద చెయ్యి వేసి, చెవిలో అన్నాడు.

"గీ ఒక్క పాట అయిపోని అన్నా."

"ఆఁ?"

"గీ ఒక్క పాట అయిపోని!"

"ఇనవస్తలేదు సార్!" దశరథం చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు.

"గంగామణి!" అని అరిచాడు పరమేశ్వర్. "నా భార్య! వర్ని రోడ్డు మీద!"

దశరథం అతని పెదాలు చూశాడు. అర్థమైనట్టు తల ఊపాడు. వెనక్కి తిరిగి ఎవరి చేతిలోనో ఉన్న నీళ్ల సీసా లాక్కొని, మూత తీసి, పరమేశ్వర్ చేతిలో పెట్టాడు. గొంతు ఎండిందనుకున్నాడు. తాగమని సైగ చేసి, మళ్లీ చేతులు జోడించాడు.

పరమేశ్వర్ సీసా పట్టుకొని నిలబడ్డాడు. ఇతనికి చెప్పాలంటే పాట ఆగాలి. పాట ఆగితే ముహూర్తానికి పెళ్లి జరుగుతుంది. ఆగకపోతే ఇతను పాడైన పెళ్లి గురించి ఏడుస్తాడు గాని, ఎందుకు పాడైందో చచ్చేదాకా తెలియదు. మేళంవాళ్లను తిట్టుకుంటాడు. గ్రహాలను తిట్టుకుంటాడు. గంగామణి పేరు అందులో ఉండదు. పరమేశ్వర్ మళ్లీ అరిచాడు. తన గొంతు తనకే వినపడలేదు. కుడి చెయ్యి పక్కనే వేలాడుతోంది. ఎత్తలేదు.

అప్పుడు మొయినుద్దీన్ వంతు వచ్చింది.

మూడో స్వరం పట్టుకున్నాడు. వంచాడు. కాని ఈసారి అక్కడ ఆగలేదు. రెండో స్వరం మీదికి జారాడు. దేవన్న ఉలిక్కిపడి పరమేశ్వర్ వైపు చూశాడు. మొయినుద్దీన్ ఎవరినీ చూడలేదు. రెండో స్వరం మీద ఊపిరి సన్నం చేసి, సన్నం చేసి, ఉందా లేదా అన్నంత సన్నం చేసి, షడ్జం మీద పెట్టాడు. భోజన్న కింద నుంచి దాన్ని మోశాడు. సమీర్ డోలు మీద అరచెయ్యి పెట్టి మోత నొక్కేశాడు.

రోడ్డంతా నిశ్శబ్దం. పెట్రోల్ బంకు దగ్గర ఎవరో బండి స్టార్ట్ చేస్తున్న చప్పుడు వినపడింది.

"ఆఁ, దిగింది. గిప్పుడు దిగు బిడ్డా" అంది భీమవ్వ.

కర్పూరం వెలిగింది. ప్రశాంత్ కారు దిగాడు. జనం గేటులోకి కదిలారు. దశరథం కూడా కదలబోయాడు. పరమేశ్వర్ అతని మణికట్టు పట్టుకున్నాడు.

"రెండేండ్ల కింద మీ పెద్దోని బారాత్ వర్ని రోడ్డు ఆపింది. ఎనక ఒక ఆటో ఆగింది. అండ్ల నా భార్య ఉండె. నేను దిగి నీకు దండం పెట్టిన. గీ ఒక్క పాట అయిపోని అన్నవ్. ఆటోలనే పోయింది."

ఎన్నిసార్లో మనసులో చెప్పుకున్న మాటలు. బయటికి వచ్చేసరికి ఇంతే ఉన్నాయి.

దశరథం ముఖం మారలేదు. అబద్ధమాడేవాడి ముఖం కాదది. కళ్లద్దాలు ఎక్కడ పెట్టానా అని వెతుక్కునేవాడి ముఖం. గులాబీ తలపాగా, కల్వర్టు, జోడించిన చేతులు, అన్నింటినీ వెతికాడు. ఏదీ దొరకలేదు.

"అయ్యో" అన్నాడు. తర్వాత మెల్లగా, ఎంతో మర్యాదగా అడిగాడు. "ఎప్పుడు జరిగింది సార్?"

ఇప్పుడే కదా చెప్పింది.

లోపలి నుంచి ఎవరో "దశరథన్నా, అయ్యగారు పిలుస్తుండు" అని కేకేశారు. దశరథం చెయ్యి మెల్లగా విడిపించుకొని, ఆ చేత్తోనే పరమేశ్వర్ భుజం తట్టాడు. "తిని పోండ్రి సార్. తినకుండ పోవద్దు. నేను మళ్ల మాట్లాడుత." గేటులోకి నడిచాడు. గుమ్మం దగ్గర తలపాగా సరిచేసుకున్నాడు. వెనక్కి చూడలేదు. మాట్లాడడానికి మళ్లీ రాలేదు కూడా.

దేవన్న, భోజన్న, సమీర్ భోజనాల వెనుక వరుస వెతుక్కుంటూ పోయారు. మొయినుద్దీన్ ప్రహరీ నీడలో కూర్చొని క్లారినెట్‌ను ముక్కలు ముక్కలుగా విప్పుతున్నాడు. లోపలి తడిని రుమాలుతో లాగుతున్నాడు.

పరమేశ్వర్ వచ్చి అతని ముందు నిలబడ్డాడు. "నేను చెయ్యి ఎత్తలే."

"ఎత్తలే."

"మరి ఎందుకు దించినవ్? నీ పెండ్లిళ్ల పిలుపుల కోసమా?"

మొయినుద్దీన్ తల ఎత్తాడు. "గది సుత ఉంది, అబద్ధమెందుకు. కాని మీరు ఆయనకు ఏదో చెప్తున్నరు మాస్టర్ సాబ్. మెడ నరాలు తేలినయ్. ఆయనకు ఇనవస్తలేదు. మీ ఊపిరి కింద పడుతుంటే నేనెట్ల ఊకుంట?" రుమాలు పిండాడు. "ఏం చెప్పిండ్రో నేను అడుగ."

పరమేశ్వర్ అతన్ని తిట్టాలని నోరు తెరిచాడు. మూసుకొని, పక్కన కూర్చున్నాడు. హాలులోంచి మంగళవాద్యం గట్టిగా మోగింది. తాళి పడుతోంది. సరిగ్గా ముహూర్తానికే.

అతను ఆ వాద్యం వినడం లేదు. ఎప్పుడు జరిగింది సార్. ఆ మాట ఎక్కడ మొదలై ఎక్కడ ఎక్కిందో వింటున్నాడు. కింద మెత్తగా మొదలై, నడుమ లేచి, చివర సగం దిగి ఆగింది. పూర్తిగా దిగలేదు. జవాబు అక్కర్లేని వాడు అడిగిన ప్రశ్న.

క్షమించడం పెద్దవాళ్ల పని అంటారు. పరమేశ్వర్‌కు పెద్దవాడు కావాలని లేదు.

నాలుగు రోజుల తర్వాత బోధన్ దుకాణంలో ఐదుగురూ మళ్లీ కలిశారు. దశరథం ఫోన్ చేశాడని మొయినుద్దీన్ చెప్పాడు. వియ్యంకులు మేళాన్ని మెచ్చుకున్నారట. వాళ్ల బంధువుల ఇంట్లో పెళ్లికి అదే పాట కావాలట.

"అది పెండ్లిళ్ల మోగది" అన్నాడు పరమేశ్వర్.

"నేను గదే చెప్పిన. పెండ్లికి పాత పాటలున్నయ్, అవి కొడుతమన్న. మాస్టర్ సాబ్‌ది మాస్టర్ సాబ్‌నే అడుగుమన్న."

"ఇంకోసారి ఫోన్ చేస్తే నేను చచ్చిపోయినని చెప్పు."

"అట్లనే చెప్పు. చావు కబురు ఇని మేళం అడుగుతడేమో మరి" అన్నాడు భోజన్న. అందరూ నవ్వారు.

సమీర్ ముందు షట్టర్ దించాడు. వెనుక గదిలో నాలుగు కుర్చీలు ఒకదానికొకటి ఎదురుగా వేశారు. కోట్లు వేసుకోలేదు. నడవడం లేదు, దుంకేవాళ్లు లేరు, గుర్రం లేదు. దేవన్నకు మొదట ఎక్కడ చూడాలో తెలియలేదు. ఇంత చిన్న గదిలో ఎప్పుడూ ఊదలేదని, ట్రంపెట్ మూతికి కండువా అడ్డం పెట్టుకున్నాడు. గొంతు మారింది. మూసిన తలుపు అవతల ఎవరో మాట్లాడుతున్నట్టుంది. అలాగే ఉంచమన్నాడు పరమేశ్వర్. సమీర్‌ను డోలు కర్రలు పక్కన పెట్టి వేళ్లతో వాయించమన్నాడు.

"ఇది ఎవరి కోసం సార్?" అన్నాడు సమీర్.

"ఎవ్వరి కోసం కాదు. మనం నలుగురం ఐదుగురం ఇనేటందుకు. తర్వాత ఎవడన్న కూసొని ఇంటనంటే ఇననియ్యి. కూసోవాలె. ఇనాలె. నడిమిట్ల లేవొద్దు."

మొయినుద్దీన్‌కు కొత్త పాట మొదలు పాడి వినిపించాడు. చిన్న ముక్క. కింద మెత్తగా మొదలై, నడుమ లేచి, చివర సగం దిగి ఆగేది. మొయినుద్దీన్ రీడు తడుపుకొని ఊదాడు. మొదటిసారి మరీ అందంగా వచ్చింది.

"అందం వద్దు. మర్యాదగ ఊదు. ఏమీ ఎరుక లేనోడు అడిగినట్టు."

మొయినుద్దీన్ కాసేపు అతని ముఖం చూశాడు. మళ్లీ ఊదాడు. భోజన్న బాకా ఒళ్లోకి దించాడు. దేవన్న గోడ వైపు చూశాడు. ఆ గొంతు ఎవరిదో వాళ్లకు తెలియదు. పరమేశ్వర్‌కు తెలుసు. పచ్చ తలపాగా కింద ఆ ముఖం గది మధ్యలో వచ్చి నిలబడింది. ఇక అది ఎటూ పోలేదు. ఎన్నిసార్లు వాయిస్తే అన్నిసార్లు వచ్చి నిలబడాలి.

మొయినుద్దీన్ ఆగాడు. నలుగురూ ఒకరినొకరు చూసుకున్నారు.

"జవాబు ఎవరి వంతు సార్?"

"ఎవ్వరి వంతూ కాదు."

"మరి నేను అడిగి ఊకుండాల్నా?"

"ఊకుండకు" అన్నాడు పరమేశ్వర్. "మళ్ల అడుగు."